కడుపుమంట

నర్సు సూది గుచ్చి, దాని మీద తెల్లటి పట్టీ అతికించి, గొట్టం మధ్యలో ఉన్న చిన్న చక్రాన్ని బొటనవేలితో తిప్పి, "గంట పడుతుందమ్మా, దురద పెట్టినా, గుండె దడగా అనిపించినా పిలువు, మొహమాటపడకు" అని చెప్పి వెళ్ళిపోయింది. సీసాలో ఉన్నది తుప్పు నీళ్ళలా ఉంది. పాత కిటికీ చువ్వలు వానకి తడిసి గోడ మీదికి కార్చే చారల రంగు. అది చుక్కచుక్కగా జారి, గొట్టం వెంట వంకర్లు తిరిగి, ఆమె ముంజేతి దాకా వచ్చి, చడీచప్పుడూ లేకుండా లోపలికి పోతోంది. ఇనుము. మనిషి నరాల్లోకి ఇనుము ఎక్కిస్తారని చిన్నప్పుడు ఎవరైనా చెప్పి ఉంటే నవ్వేది. ఇప్పుడు నవ్వడానికి కూడా ఆయాసం. ఏడో నెల కడుపు ఒళ్ళో బరువుగా కూర్చుని ఉంది. గదిలో నాలుగు వాలుకుర్చీలుంటే మూడు ఖాళీ, నాలుగోదాంట్లో ఆమె, పక్కన ప్లాస్టిక్ కుర్చీలో, సంచీ ఒళ్ళో పెట్టుకుని, పెద్దావిడ.

పెద్దావిడ రావాల్సింది కాదు. పొద్దున్నుంచీ పక్కనున్నది భర్తే. సరిగ్గా ఆమె పేరు పిలిచే వేళకి అతని ఫోన్ మోగింది. ఏదో ఆఫీసు భవనంలో లిఫ్టు రెండంతస్తుల మధ్య ఇరుక్కుందట, లోపల మనుషులున్నారట, ఆ పాత యంత్రం సంగతి అతనికి తప్ప ఇంకో మెకానిక్‌కి తెలియదట. అతను ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని ఒకసారి ఆమెనీ, ఒకసారి తలుపునీ చూశాడు. "వెళ్ళండి, ప్రాణాలు కదా" అంది. మంచిదాన్ననిపించుకోవడం ఎంత తేలికో! ఆ మంచితనానికి వెంటనే శిక్ష పడింది. "అత్తయ్యకి ఫోన్ చేశాను, ఇల్లు పక్కవీధేగా, వచ్చి కూర్చుంటారు" అన్నాడు. అత్తయ్య అంటే ఆమె అత్తగారు కాదు. అతన్ని కన్నతల్లి ఈ పెళ్ళికి చాలా ముందే పోయింది. అత్తయ్య అంటే అతని మొదటి భార్య తల్లి. భార్య పోయి ఐదేళ్ళయినా, ఇంకో పెళ్ళి చేసుకున్నా, ఆ పిలుపు మాత్రం అతని నోట్లో అరగలేదు, తుప్పు పట్టలేదు.

మనకి చుట్టరికాలకి కరువు లేదు. తోడికోడలికొక మాట, తోడల్లుడికొక మాట, వియ్యపురాలికొక మాట. మొగుడి మొదటి పెళ్ళాం తల్లిని ఏమని పిలవాలో మాత్రం ఎవరూ ఆలోచించి పెట్టలేదు. పెళ్ళయిన కొత్తలో ఆమె దీని గురించి బుర్ర బద్దలు కొట్టుకుంది. ముందావిడ తనకి సవతి. సవతికి తల్లి. అంటే సవతితల్లి! పనిచేసే కళ్ళజోళ్ళ దుకాణంలో కౌంటరు వెనక నిలబడి ఒక్కతే నవ్వుకుంది, ఆ నవ్వు గొంతు దిగేలోపే చేదైపోయింది. అప్పటినుంచి ఏ పిలుపూ లేకుండానే నెట్టుకొస్తోంది. "రండి", "కూర్చోండి", "టీ తాగుతారా". పెద్దావిడ కూడా "అమ్మాయ్" అంటుంది. ప్రపంచంలో ఉన్న ఆడపిల్లలందరికీ సరిపోయే మాట.

అతను దాచి పెళ్ళి చేసుకోలేదు. మొదటిసారి మాట్లాడుకున్న రోజునే అంతా చెప్పాడు. కాన్పులో పోయింది, బిడ్డ ముందు, తల్లి తర్వాత. ఒంట్లో రక్తం ముందునుంచే తక్కువ, కాన్పయ్యాక ఆగకుండా పోయింది, ఉన్న ఆ కాస్తా పోయాక ఇంకేం మిగలలేదు. చెబుతున్నంతసేపూ అతను తన అరచేతుల్లో గ్రీజు మరకల్నే చూస్తూ కూర్చున్నాడు. ఎంత నిజాయితీ గల మనిషి అనుకుంది. అనుకుని ఊరుకుంటే పోయేది, పాపం ఎంత ప్రేమించాడో అని కూడా అనుకుంది. ఆ రెండో ఆలోచనే, బియ్యంలో రాయిలా, అప్పుడు తెలియలేదు కానీ తర్వాత పంటి కిందకొచ్చింది. ఇంట్లో ముందావిడ ఫోటో ఒక్కటీ లేదు. ఉంటే బాగుండేది. ఫోటో అయితే దుమ్ము పడుతుంది, వెలిసిపోతుంది, ముక్కు కాస్త వంకర అనో, పళ్ళు ఎత్తనో లోపల అనుకోవడానికి ఆధారం దొరుకుతుంది. కనపడని మనిషితో ఎవరు పోటీ పడగలరు? చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. పొద్దంతా మనుషుల కళ్ళు కొలిచి, అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించే పని చేసే ఆమెకి ఆ చారెడు కళ్ళు మాత్రం ఏ కొలతకీ అందలేదు.

నర్సు వచ్చి రక్తపోటు చూసి, "బాగానే ఉంది" అని గొట్టం ఒకసారి వేలితో తట్టి పోయింది. పెద్దావిడ తలెత్తి సీసాని చూస్తోంది. వచ్చినప్పటినుంచీ అదే చూపు. చుక్క జారినప్పుడల్లా ఆవిడ కనురెప్ప కూడా కొద్దిగా కదులుతోంది. ఏం చూస్తోంది? కూతురికి ఎక్కాల్సింది ఇంకొకతెకి ఎక్కుతోందని లెక్కగడుతోందా? చూడనీ. ఈ ఇనుము నాదే, ఈ కుర్చీ నాదే, ఈ కడుపు నాదే అని ఆమె దుప్పటి మెడదాకా లాక్కుంది. చలి కూడా నిజంగానే ఉంది. నాలుగు నెలలుగా చలి వదలడం లేదు. ఎండలో నిలబడినా వేళ్ళ చివర్లు మంచుముక్కల్లా ఉంటాయి.

మంచుముక్కలు. అదే కదా మొదలు. నాలుగో నెలలో ఒక సాయంత్రం ఫ్రిజ్ తలుపు తెరిచి, ట్రేలోంచి ఐసుముక్క తీసి నోట్లో వేసుకుని కరకరా నమిలింది. ఎంత హాయిగా ఉందో! ఇంకోటి, ఇంకోటి. అంతకుముందు నెలలన్నీ ఆమెకి అరచేతిలో స్వర్గమే. అతను పనినుంచి వచ్చి, చేతులు కడుక్కుని, నిమ్మకాయ కోసి, గ్లాసు నీళ్ళలో పిండి, మాత్ర అరచేతిలో పెట్టి ఎదురుగా నిలబడేవాడు. టీ తాగావా, ఎప్పుడు తాగావు, అయితే ఇంకాసేపు ఆగు, టీతో వేసుకుంటే ఒంటికి పట్టదు. ఆ తెల్ల మాత్ర కాల్షియం, అది పొద్దున, ఇది సాయంత్రం, రెండూ కలిపి మింగకు. ఆదివారం పూట కిటికీ దగ్గర నిలబెట్టి, బొటనవేలితో ఆమె కింది రెప్ప మెల్లగా లాగి లోపల ఎరుపు చూసేవాడు, లిఫ్టు తాళ్ళు తనిఖీ చేసేవాడు కదా, అంతే శ్రద్ధగా. ఇదంతా దుకాణంలో చెబితే తోటి అమ్మాయిలు కళ్ళల్లో నిప్పులు పోసుకున్నారు. "మా ఆయనకి నేను ఎన్నో నెలో కూడా గుర్తుండేది కాదు, మొగుడంటే మీ ఆయనే తల్లీ" అని క్యాషియరమ్మ నిట్టూర్చింది. ఇతరుల నిట్టూర్పులు వినడం ఎంత బలం! ఏ మాత్రలూ ఇవ్వలేని బలం. ఆ సాయంత్రం ఐసు చప్పుడు విని అతను వంటింటి గుమ్మంలోకి వచ్చాడు. మొహం పాలిపోయింది. "తనూ ఇలాగే నమిలేది" అన్నాడు.

తను.

అంతవరకూ అతను ముందావిడ ఊసెత్తినప్పుడల్లా 'తను' అనే అంటున్నాడని ఆమె గమనించనే లేదు. ఆ సాయంత్రం, నోట్లో ఐసు కరిగి పళ్ళు జివ్వుమంటుండగా గమనించింది. ఆవిడ కాదు, ఆమె కాదు, మొదటి భార్య కాదు. తను. ఎంత చిన్న మాట, ఎంత దగ్గరి మాట! పక్కగదిలో ఉన్న మనిషి గురించి అన్నట్టు, ఇప్పుడే బయటికి వెళ్ళి కూరగాయలు తెస్తుందన్నట్టు. ఎదురుగా నిలబడ్డ ఈ భార్య మాత్రం 'నువ్వు'. నువ్వు మాత్ర వేసుకున్నావా, నువ్వు టీ తాగావా. ప్రపంచంలో ఎవరైనా నువ్వే. దుకాణానికి పాలు పోసేవాడూ నువ్వే. తను మాత్రం ఒక్కతే. బతికుండగా ఏం సాధించిందో తెలియదు కానీ, ఆవిడ చచ్చి సాధిస్తోంది.

ఆ రోజు తర్వాత నిమ్మకాయ నీళ్ళు రుచి మారిపోయాయి. గ్లాసు చేతికిస్తుంటే, ఈ కొలత ఎవరి కోసం నేర్చుకున్నావు అనిపించేది. రెప్ప లాగి చూస్తుంటే, అతను చూస్తున్నది ఈ కన్ను కాదు, ఇంకో కన్ను. ఆమెకి తన పని గుర్తొచ్చేది. ఒకరి ఫ్రేముకని అంచులు అరగదీసిన అద్దం ఇంకొకరి ఫ్రేములో కూర్చోదు. చూపు నంబరు ఒకటే అయినా సరే, ఎక్కడో ఒక మూల సందు మిగులుతుంది, లేదా నొక్కితే చిట్లుతుంది. ఈ ప్రేమంతా ముందావిడ కొలతకి అరగదీసింది. మిగిలిపోయింది కదా అని తెచ్చి తన మొహానికి పెడుతున్నాడు. రెండో పెళ్ళాం ముద్దని లోకం అంటుంది. లోకానికేం, దానికి రోజూ సాయంత్రం ఇంకొకతె పేరు మీద మందు మింగాల్సిన అవసరం లేదుగా.

మాత్ర కూడా తక్కువది కాదు. మింగిన కాసేపటికి నాలిక మీద పాత తాళంచెవి పెట్టుకున్నట్టు రుచి. కడుపులో తిప్పడం, గుండెల్లో మంట, పొద్దున్నే మరుగుదొడ్డిలో బొగ్గులా నల్లటి భయం. డాక్టరమ్మ ముందే చెప్పింది, ఇవన్నీ మామూలే, మానొద్దు, మరీ ఇబ్బందైతే చెప్పు, మాత్ర మారుస్తానని. చెప్పి ఉంటే సరిపోయేది. మొదట రెండు మూడు రోజులు నిజంగా వాంతి భయంతోనే నాలిక కింద దాచి, అతను అటు తిరగ్గానే కాగితంలోకి ఉమ్మేసింది. తర్వాత వాంతి భయం పోయింది, ఉమ్మడం మిగిలింది. నిమ్మనీళ్ళు గటగటా తాగి, "అమ్మయ్య" అని మూతి తుడుచుకుని, ఆ తడి కాగితాన్ని మర్నాడు దుకాణంలో అద్దాలు అరగదీసే యంత్రం కింది చెత్తడబ్బాలో పడేసేది. పడేస్తుంటే ఒక దిక్కుమాలిన సంతోషం. నీ మాత్ర నువ్వే మింగవే, నాకొద్దు అని కనపడని మనిషితో అన్నట్టు. కడుపుమంట అని ఊరికే అనలేదు పెద్దలు. ఆ మాటకి డాక్టరు దగ్గర ఒక అర్థం, ఇరుగుపొరుగు దగ్గర ఇంకో అర్థం. ఆమెకి రెండూ ఒకేచోట మండుతూ ఉండేవి. ఆ మంట పక్కనే, ఏమీ ఎరగని పసిగుడ్డు కాళ్ళు ముడుచుకుని పడుకుని ఉండేది.

దాని గురించి ఆలోచించలేదా? ఆలోచించింది. ఆలోచించినప్పుడల్లా అమ్మకి ఫోన్ చేసింది. అమ్మ దూరంగా ఉంటుంది, కొడుకుల పిల్లల్ని పెంచుతూ, ఎప్పుడు చేసినా వెనక ఎవరో ఒకరు ఏడుస్తూనే ఉంటారు. "నలుగుర్ని కన్నాను, ఏ మాత్ర మింగానే నేను? ఆ రోజుల్లో ఇవన్నీ ఉన్నాయా? డాక్టర్లకి వేరే పనిలేదు" అని, "ఉండు, పాలు పొంగుతున్నాయి" అని పెట్టేసేది. ఆ మాట కోసమే ఫోన్ చేసేదేమో. ఎవరో ఒక పెద్దవాళ్ళ నోటితో ఫర్వాలేదు అనిపించుకోవాలి. ఒక్కసారైనా అమ్మ, ఎందుకు అడుగుతున్నావు, ఏమైంది, నీ గొంతేంటి అలా ఉంది అని అడిగి ఉంటే ఏం చెప్పేదో. అడగలేదు. పాలు ఎప్పుడూ పొంగుతూనే ఉంటాయి ఆ ఇంట్లో.

పోయినవారం రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ ఏడు వచ్చింది. డాక్టరమ్మ కాగితం తిప్పి చూసి, "రోజూ వేసుకుంటుంటే ఇంతలా పడకూడదే! నీ ఒంటికి పట్టడం లేదేమో. కాన్పు దగ్గరపడేలోపు పెంచాలి, నరంలోంచి ఎక్కిద్దాం" అంది. "బిడ్డ తనకి కావలసింది ముందు లాక్కుంటుందమ్మా, మిగిలిందే నీకు. నీ దగ్గర మిగల్లేదు" అని కూడా అంది. పక్కన కూర్చున్న అతను మెల్లగా, "నిమ్మకాయ చాలలేదంటారా? రెండు పిండమంటారా?" అని అడిగాడు. డాక్టరమ్మ నవ్వింది. ఆమెకి నవ్వు రాలేదు. ఆ ప్రశ్న గొంతులో ఎముకలా ఇరుక్కుని ఇవాళ్టికీ దిగలేదు.

సీసా సగం ఖాళీ అయింది. నోట్లో మళ్ళీ అదే తాళంచెవి రుచి. పెద్దావిడ సంచీలోంచి నీళ్ళసీసా తీసి, మూత తిప్పి, మాట లేకుండా చేతికిచ్చింది. తీసుకోక తప్పలేదు. ఆవిడ చేతులు చూసింది. పొడుగువేళ్ళు, బొటనవేలు మాత్రం పొట్టి. ముందావిడకీ ఇవే చేతులుండేవా? ఈ నుదురే ఉండేదా? అతనికి ఈ మొహంలో ఆ మొహం కనిపిస్తుంటుందా? అందుకేనా నెలకోసారి ఆ ఇంటికి వెళ్ళి కుళాయి బాగుచేసి, బల్బు మార్చి, తిని వస్తాడు? వచ్చాక ఆకలి లేదంటాడు. ఆ పూట ఇంట్లో వండినదంతా ఆమె ఒక్కతే, కోపంతో, చల్లారిపోయాక తింటుంది.

"రోజూ సాయంత్రం అతనే మాత్ర ఇస్తాడటగా నీకు" అంది పెద్దావిడ ఉన్నట్టుండి. చూపు సీసా మీదే ఉంది.

"ఇస్తారు."

"నిమ్మనీళ్ళతో."

"ఊఁ."

వచ్చింది, అనుకుంది ఆమె. ఇప్పుడు మొదలవుతుంది పురాణం. మా అమ్మాయికీ ఇలాగే ఇచ్చేవాడు, కాలు కింద పెట్టనిచ్చేవాడు కాదు, వాళ్ళిద్దరూ ఎలా ఉండేవాళ్ళో తెలుసా అని. చేతికి సూది ఉంది, లేచి పోవడానికి లేదు. చెవులకి మూతలు లేవు. ఆమె కళ్ళు మూసుకుంది.

"నాకు నీ మీద ఎంత కుళ్ళో తెలుసా అమ్మాయ్?" అంది పెద్దావిడ.

కళ్ళు వాటంతటవే తెరుచుకున్నాయి.

"మా పిల్లకి ఒక్కరోజు ఒక్క మాత్ర ఇవ్వలేదు అతను. చెడ్డవాడని కాదు. తెలియదు, అంతే. అది పడుకుంటే బద్ధకం అనేవాడు. ఐసు నములుతుంటే, ఇంట్లో ఎలుక ఉంది అని నవ్వేవాడు. నేను మాత్రం ఏం తక్కువ తిన్నాను? కడుపుతో ఉన్నవాళ్ళకి నీరసం కాక ఇంకేముంటుందే, అందరం కనలేదా అన్నాను. మాత్రలు పడటం లేదంటే, పోనీ మానెయ్యి అన్నాను. అది మానేసింది. అమ్మ మాట కదా." పెద్దావిడ సంచీ తాడుని వేలికి చుట్టి విప్పింది, మళ్ళీ చుట్టింది. "పోయాక వచ్చింది బుద్ధి, ఇద్దరికీ. అతను ఎవరెవర్నో అడిగి అన్నీ నేర్చుకున్నాడు. ఎందుకో! ఎవరికివ్వాలని! తర్వాత నువ్వొచ్చావు. నీకు నెల తప్పిందని తెలిసినప్పుడు సంతోషించాను, అబద్ధం ఎందుకు. కానీ ఆ సాయంత్రం మీ ఇంటికొచ్చాను చూడు, అతను నిమ్మకాయ కోస్తుంటే, నువ్వు ఇలా చెయ్యి చాపుతుంటే... నా కడుపు భగ్గుమంది. దానికి దొరకనిది నీకు దొరుకుతోందని. చచ్చినదాని తరఫున కుళ్ళుకునేవాళ్ళు ఇంకెవరున్నారు, నేను తప్ప? అందుకే మీ ఇంటికి రావడం తగ్గించాను. నా దిష్టి నీకు తగులుతుందని."

మొదట కలిగింది గెలుపు. సిగ్గుపడాల్సిన, ఒళ్ళంతా వెచ్చబడే గెలుపు. నాలుగు నెలల్లో మొదటిసారి వేళ్ళ చివరలకి వేడి వచ్చినట్టయింది. ఆ నిమ్మకాయ ఇంకెవరికీ పిండలేదు. ఆ బొటనవేలు ఇంకే రెప్పనీ లాగలేదు. అద్దం మొదటినుంచీ తన కొలతకే అరగదీసింది, అందులో మిగులూ లేదు, అతుకూ లేదు. ఐదేళ్ళ క్రితం ఒక మనిషి, ఇదే చలితో, ఇదే ఆయాసంతో, ఐసు నములుతూ ఒక వంటింట్లో నిలబడితే, ఆ మనిషికి దొరికింది ఒక నవ్వు. ఎలుక అన్నాడు. పాపం, తను కూడా నవ్వే ఉంటుంది. తను. ఆమె నోటికి కూడా అదే మాట వచ్చింది, చూసుకోకుండా. గెలుపు అక్కడ ఆగిపోయింది. ఆగి, మెల్లగా తిరగబడింది. ముందావిడకి దొరకనిది, దొరికి ఉంటే బతికేదేమో అన్నది, రోజూ సాయంత్రం తన అరచేతిలోకి వచ్చింది. దాన్ని తీసుకెళ్ళి ఏం చేసింది? తడి కాగితంలో చుట్టి, అద్దాలు అరగదీసిన బురదలో పడేసింది.

"నేను మింగలేదు" అంది.

"ఏంటి?"

"మాత్రలు. మూడు నెలలుగా మింగలేదు. ఆయన ఇస్తుంటే నోట్లో వేసుకుని, తర్వాత ఉమ్మేశాను. ఒంటికి పట్టకపోవడం ఏమీ కాదు. ఆయన మీ అమ్మాయికిలాగే నాకూ ఇస్తున్నారనుకుని... కుళ్ళుతో."

పెద్దావిడ కాసేపు ఆమెని అర్థం కానట్టు చూసింది. తర్వాత అర్థమయింది. మొహం మారడం ఆమె చూసింది, ఎండ మీదికి మబ్బు వచ్చినట్టు నుదుటి నుంచి కిందికి. "పారేశావా?" అంది. గొంతు పైకి లేవలేదు, అదే భయం వేసింది. "మా పిల్ల అడిగే దిక్కు లేక పోయింది. నీ చేతిలో పెడితే పారేశావా? కాన్పు అంటే ఏమనుకున్నావు? పరుపు తడిసిపోయి, కిందికి కారి... నేను చూశాను. ఈ కళ్ళతో చూశాను. ఇంకోసారి చూడమంటావా నన్ను? అతన్ని చూడమంటావా?" లేచింది. ప్లాస్టిక్ కుర్చీ వెనక్కి జరిగి గోడకి కొట్టుకుంది. "కొట్టేదాన్ని నిన్ను. చేతికి సూది ఉంది కాబట్టి బతికిపోయావు." సంచీ భుజానికి తగిలించుకుని, తలుపు తోసుకుని వెళ్ళిపోయింది. తలుపు రెండుసార్లు ఊగి ఆగింది.

గది ఒక్కసారిగా పెద్దదైపోయింది. చుక్క, చుక్క. మూడు ఖాళీ కుర్చీలు, ఇప్పుడు ప్లాస్టిక్ కుర్చీతో నాలుగు. లోపల బిడ్డ పక్కకి తిరిగింది, పక్కటెముక కింద మడమ గుచ్చుకుంది. ఇదిగో, ఇంకాస్త వస్తోంది, లాక్కో, నాకు మిగలకపోయినా ఫర్వాలేదు అనుకుంది. వెంటనే, కాదు, నాకూ మిగలాలి, నేనూ ఉండాలి అని భయంతో అనుకుంది. ఏడుపు రాలేదు. దడగా అనిపిస్తే పిలవమంది నర్సు. ఈ దడ ఆ దడ కాదని ఎలా చెప్పాలి?

ఫోన్ మోగింది. వెనకాల లోహం మీద లోహం చప్పుడు. "తీశాం అందర్నీ. నీకెలా ఉంది? ఎక్కుతోందా?" అన్నాడు.

ఇంటికి వెళ్ళాక చెప్పొచ్చు. పెద్దావిడ ముందే చెప్పేసి ఉంటుందేమో. చెప్పకపోనూవచ్చు. ఎదురుగా అతని మొహం లేనప్పుడే చెప్పాలి, లేకపోతే ఎప్పటికీ చెప్పలేకపోతుంది. చెప్పేసింది. అన్నీ, చెత్తడబ్బాతో సహా. అవతల చప్పుళ్ళు కూడా ఆగిపోయాయి, అతను ఎక్కడికో మూలకి నడిచినట్టున్నాడు.

"ఎందుకు?"

"మీరు ఆవిణ్ణి 'తను' అంటారు."

 నిజంగానే తెలియక అడుగుతున్న గొంతుతో, "మరి ఏమనాలి?" అన్నాడు.  "పేరు పెట్టే పిలిచేవాణ్ణి. ఆ పేరు ఇప్పుడు నోటికి రాదు.  అందుకని అలా..." అని ఆగిపోయాడు.  "సీసాలో ఇంకా ఎంత ఉంది?"

"అడుగున కొంచెం."

"అదైనా పూర్తిగా ఎక్కించుకో" అన్నాడు. కోపమో, బతిమాలడమో తెలియలేదు. "నాకిప్పుడు మాట్లాడాలని లేదు. ఇంటికొస్తాను. అక్కడ మాట్లాడతాను." పెట్టేశాడు. అతనికి కోపం వచ్చింది. ఆమె మీద, ఆమె పేరు మీద, ఆమె చేసిన పనికి. మూడు నెలలుగా ఆమె ఎదురుచూసింది దీనికోసమేనేమో, ఎవరి నీడా లేని కోపం. దొరికాక చూస్తే అది చాలా బరువుగా ఉంది.

సీసా అయిపోయింది. నర్సు వచ్చి గొట్టం విప్పి, కాసేపు కూర్చోబెట్టి, మళ్ళీ రక్తపోటు చూసి, "వచ్చేవారం రెండో సీసా. మీ అమ్మగారు ఏరి, వెళ్ళిపోయారా?" అని అడిగింది. ఆమె "మా అమ్మ కాదు" అందామనుకుని, "వెళ్ళిపోయారు" అంది. చేతి మీద పట్టీ అదుముకుంటూ, గోడ పట్టుకుని, వరండా దాటి మెట్ల దాకా వచ్చింది.

పెద్దావిడ మెట్ల దగ్గర బల్ల మీద కూర్చుని ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, మొహం కడుక్కున్నట్టుంది, జుట్టు అంచులు తడి. ఆమెని చూసి నవ్వలేదు, దగ్గరికి రమ్మనలేదు. లేచి నిలబడింది.

"చెప్పావా అతనికి?"

"చెప్పాను."

"తిట్టాడా?"

"ఇంటికొచ్చి తిడతారట."

"తిట్టాలి. నేనూ ఉంటాను, నా వంతు కూడా ఉంది. వచ్చేవారం సీసాకి నేనే తీసుకొస్తాను నిన్ను. ఆ తర్వాత డాక్టరు మాత్ర వేసుకోమంటే నా ఎదురుగా మింగు, మింగి నోరు తెరిచి చూపించు. పడకపోతే పడటం లేదని ఏడువు, గోల చెయ్యి, అంతేగానీ దాచకు. సిగ్గులేకపోతే సరి. మెట్లు చూసి దిగు, కళ్ళు తిరుగుతాయి. అటు కాదు, ఇటు గోడవైపు నడు." ఆవిడ ఆమె మోచెయ్యి పట్టుకుంది. పొడుగువేళ్ళతో, పొట్టి బొటనవేలితో, ఎముక నొప్పి పుట్టేలా, జారిపోయే వస్తువుని పట్టుకున్నట్టు పట్టుకుంది. తిడుతూనే ఉంది. ప్రతి మెట్టుకీ ఒక తిట్టు. ఎవరూ ఆమెని ఇలా తిట్టలేదు, చిన్నప్పుడు కూడా. ఇంట్లో అంత తీరిక ఎవరికీ లేదు.

ముందావిడకి ఇది పుట్టినప్పటినుంచీ ఉంది. ఈ తిట్లు, ఈ పట్టు, జుట్టు దువ్వేటప్పుడు, బడికి పంపేటప్పుడు, జ్వరమొచ్చినప్పుడు, ఎన్నేళ్ళు! అడగకుండానే, సొంతంగా, మొదటినుంచీ. ఆమెకి మళ్ళీ కుళ్ళు పుట్టింది, లోపల సన్నగా, కొత్తగా, ఈసారి మొగుడితో దానికేమీ సంబంధం లేదు. మోచెయ్యి నిజంగా నొప్పి పుడుతోంది. "మెల్లగా పట్టుకోండి" అనబోయి, అనకుండా, ఇంకాస్త ఆవిడ వైపుకి ఒరిగి, మెట్లు దిగింది.